కాటా పక్కన ఫోను

ఆలూరు బస్టాండు వెనక జ్ఞానేశ్వర్ శెట్టిది కిరాణా అంగడి. ఏ సరుకైనా గిరాకీ కంటికి కనబడాలంటాడు. బెల్లం డబ్బాకు మూత పెట్టడు, పప్పు మూటకు మూతి కట్టడు.

పదో తరగతి చదివే కూతురు సుచరిత ఫోన్లో, ఆమె ఎక్కడుందో చూపించే యాప్ వేయించాడు. అంతవరకు తప్పనను. ఆడపిల్ల తండ్రి, భయముంటుంది. కానీ తన ఫోనును కాటా పక్కన నిలబెట్టి గిరాకీ వైపు తిప్పాడు చూడండి, అదీ ఆయన తెలివి! మ్యాపు మీద పాప ఫోటో కదులుతుంటే ఒకటే మురిపెం. ఉప్పుకొచ్చినవాడు, బీడీలకొచ్చినవాడు, ఎవరడిగినా చెప్పేవాడు.

"పాప యాడుండాది శెట్టీ?"

"ట్యూషన్‌కు పోతాండాదప్పా. ఇంగో, నీళ్ల ట్యాంకు దాటింది."

ఒక సాయంత్రం రైతు పుల్లయ్య చక్కెర కోసం వచ్చి ఫోను వైపు చూశాడు.

"ఏమప్పా శెట్టీ, పాప నీ అంగట్లోనే ఉండాదే?"

నిజమే, ఫోటో అంగడి మీదే ఉంది. పాప లేదు. ఫోన్ చేస్తే కందిపప్పు మూటలో మోగింది.

జ్ఞానేశ్వర్ అంగడి పుల్లయ్యకు వదిలేసి బండి మీద ట్యూషన్‌కు పరిగెత్తాడు. సుచరిత అక్కడే లెక్కలు చేసుకుంటోంది. బయటికి పిలిచి గద్దించాడు.

"ఫోను పప్పులో పెట్టి వస్తావా? నువ్వు యాడుండావో నాకెట్ల తెలియాల?"

"నీకు తెలియాలని పెట్టుకుంటే ఊరంతా చూస్తాండాది నాయనా." పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిన్న ట్యాంకు కాడ ఒకాయన బండి ఆపినాడు. మన అంగట్లో బీడీలు కొంటాడే, ఆయప్ప. 'నువ్వొస్తాండేది మీ నాయన ఫోన్లో చూసే వచ్చినా, ఎక్కు' అన్నాడు. పరిగెత్తినా." తల దించుకుంది. "నన్ను గూడా అంగట్లో పెట్టినావు."

జ్ఞానేశ్వర్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంకా ఎవరెవరికి చెప్పానా అని తలచుకోబోయాడు. చెప్పని వాడెవడూ గుర్తురాలేదు. రేపు స్టేషన్‌కు పోవచ్చు, ఆ మనిషిని పట్టించొచ్చు. కానీ వాడికి దారి చూపింది తానే.

పాపను ఇంట్లో దింపి అంగడికొచ్చాడు. పుల్లయ్య ఆత్రంగా ఎదురొచ్చాడు.

"పాప యాడుండాదప్పా?"

పుల్లయ్య మంచివాడు. ఆ అడగడంలో ప్రేమ తప్ప ఏమీ లేదు. అయినా జ్ఞానేశ్వర్ కాటా పక్కనున్న ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"చక్కెర ఎంత కావాలంటివి?" అన్నాడు, తలెత్తకుండా.