వేలు పెడితే పారిపోయే పేజీ

పుంగనూరులో నా కూతురు తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది, బడిలో పిల్లలకు ఈ-రీడర్లు ఇచ్చారు. చూడటానికి పలకలా ఉంది. ఫోనులా మెరవదు, పాటలు రావు, లోపల అన్నీ పుస్తకాలేనట. నేను నమ్మలేదు.

నాకు తెలిసిన పుస్తకం వేరు. నేను కుప్పం దగ్గర పల్లెలో రెండో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్లయ్యాక ఈ కాస్త చదువూ నా భర్త నేర్పాడు. ఇద్దరం మదనపల్లె మార్కెట్టులో టమోటాలు ఏరి ఇంటికొచ్చాక, కథల పుస్తకం తెరిచి, నా మణికట్టు పట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టించేవాడు. వేలు కదిలితేనే నాకు మాట పలుకుతుంది. చదివినంత మేరకు బస్సు టికెట్టు గుర్తు పెట్టేవాడు. ఆయన చివరగా చదివిన పుస్తకంలో ఆ టికెట్టు ఇంకా అక్కడే ఉంది.

కూతురికీ అదే అలవాటు. టికెట్టు ఎంత లోపలికి జరిగిందో చూస్తే ఎంత చదివిందో నాకు తెలిసేది. ఈ పలకలో టికెట్టు ఎక్కడ పెట్టాలి?

పిల్ల గడపలో కూర్చుని దాన్నే చూస్తుండేది. పెదవి కదిలేది కాదు.

"ఏమ్మే, ఏం సూస్తాండావు దాంట్లో?"

"సూసేది కాదుమా, కథ సదువుతాండా."

"కథయితే నోరు యాల మెదల్లే? మీ నాయన సదివితే వీధంతా ఇనపడేది."

"నేనేమన్నా మైకు మింగినానా?"

నవ్వాల్సిన మాట. నేను నవ్వలేదు. "మా ఇంట్లో సదువు పోయి బొమ్మలు సూసేది వచ్చింది" అని పక్కింటామెతో పిల్ల వినేలాగే అన్నాను. పిల్ల లేచి పలకను సంచిలో పెట్టేసింది. మళ్లీ బయటికి తీయలేదు. నా మాట నెగ్గిందనుకున్నాను.

రెండు వారాలకు టీచరమ్మ పిలిపించింది. ఎవరు ఎంతవరకు చదివారో ఆ పలకలోనే తెలుస్తుందట.

"క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల అమ్మా. నలభై ఒకటో పేజీలో నిలిచిపోయింది. బడిలో కూడా తెరవడం లేదు. ఎందుకని అడిగితే, మా అమ్మ నమ్మేది లేదు టీచర్ అంటోంది."

ఇంటికి నడిచినంతసేపూ ఆయన పుస్తకంలోని టికెట్టే కళ్లలో మెదిలింది. ఆయన చదువును చావు ఆపింది. బతికున్న పిల్ల చదువును నేను ఆపాను.

సాయంత్రం పిల్ల రాగానే అన్నాను. "ఆ పలక తియ్యి మే. నలభై ఒకటి సూపిచ్చు."

సంచి దగ్గరికి లాక్కుంది. పలక తీసి, అక్షరాలు పెద్దవి చేసి నా ఒళ్లో పెట్టింది. అలవాటుగా మొదటి మాట కింద వేలు ఆనించాను. పేజీ మాయమైంది. మళ్లీ ఆనించాను. ఇంకోటి పోయింది.

"అయ్యో, నీ పేజీ పోగొడితిని మే!"

"యాడికీ పోలేదులేమా, ఈడే ఉండాది." వెనక్కి తెచ్చింది. "వేలు ఆనీబాక. గాల్లో పెట్టు."

గాల్లో నా వేలు వరుస తప్పింది. పిల్ల నా మణికట్టు పట్టుకుంది, సరిగ్గా వాళ్ల నాయన పట్టుకునే చోట.

ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. తను ఎప్పుడో చదివేసి ఉంటుంది. అయినా తిప్పలేదు. నా వేలు చివరి వరుస దాటేదాకా కాచుకుంది.

"తిప్పు" అన్నాను.

నలభై రెండు వచ్చింది.