మా కోచ్‌కు ఆరు శాలువాలు

పటాన్‌చెరులో మా ఫుట్‌బాల్ క్లబ్బు కమిటీలో ఏడుగురం. అందరం ఒకప్పుడు మా కోచ్ దగ్గర ఆడినవాళ్లమే. ఆయన విజిల్ వినిపిస్తే ఇప్పటికీ పొట్టలు లోపలికి పీల్చుకుంటాం. ఇంత మగధీరులం ఏటా సీజన్ అయిపోగానే, ఆయనను మార్చడానికి సమావేశమయ్యేవాళ్లం.

ఆయన ఇరవై రెండేళ్లుగా కోచ్. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి సీనియారిటీ పద్ధతిని అలాగే మైదానంలోకి తెచ్చాడు. ముందు చేరినవాళ్లు ముందు ఆడాలి, వెనక వచ్చినవాళ్లు బెంచీ మీద ఓపిక నేర్చుకోవాలి. ఎవరు బాగా ఆడుతున్నారని అడగడమే తప్పు. నా కూతురు గోల్‌కీపర్. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల జిల్లా జట్టులో ఆడాలన్నది దాని ఒకే ఒక్క కోరిక. మ్యాచ్‌లో నిలబడితే కదా, ఎంపిక చేసేవాళ్లు చూసేది! అది రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చుంది.

మా సమావేశాల సంగతి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. చాయ్ తాగుతున్నంతసేపూ అందరం పులులమే. "ఈసారి మొఖం మీదనే చెప్తా" అని ఒకడు తొడ గొట్టేవాడు. "ఉత్తచేతులతోని ఎట్ల చెప్తం? శాలువా గిట్ల కప్పి సాగనంపుదాం" అని ఇంకొకడు. ఆదివారం ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పేవాళ్లం. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. "మీరు లేకుంటే క్లబ్బే లేదు సార్" అనేసి, ఫొటో దిగి, సమోసాలు తిని ఇళ్లకు పోయేవాళ్లం. పిల్లి మెడలో గంట కట్టబోయి పూలదండ వేసొచ్చిన ఎలుకలం!

ఐదేళ్లు ఇదే తంతు. ఆరో ఏడు మాట్లాడే వంతు నాది. కూతురికి రాబోయేదే చివరి సీజన్. అద్దం ముందు నిలబడి మాటలు వల్లెవేసుకుని మరీ వెళ్లాను. "ఏం రా, మంచిగున్నవా?" అని ఆయన అడిగాడో లేదో, "ఇంకో పదేండ్లు మీరే ఉండాలె సార్" అంటూ ఆరో శాలువా కప్పాను. నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

ఆ సీజన్ కూడా నా కూతురు బెంచీ మీదే గడిపింది. జిల్లా ఎంపికలు ముగిశాక ఒళ్లు మండి, ఒక్కడినే ఇంద్రేశంలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. నేను కూర్చోను కూడా లేదు.

"సార్, ఇగ మీరు దిగిపోవాలె" అన్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"గీ మాట చెప్పనీకి ఆరేండ్లు పట్టిందా? మోకాళ్లు పోయి ఎన్నడో ఇడిసిపెడదామనుకున్న. పోదామనుకున్నప్పుడల్ల మీరే శాలువా కప్పి ఉండుమంటిరి. నేను పోతే క్లబ్బు ఆగమైతదేమో అనుకున్న."

ఆయన బరువు దిగినవాడిలా నవ్వాడు.

"కొత్తగ వచ్చేటాయనకు నేనే చెప్త, నీ బిడ్డను గోల్ కాడ నిలవెట్టుమని. దాని అసొంటి కీపర్‌ను నేను సూడలే. వచ్చే ఏడు సెలక్షన్ పక్కా."

"దానికి పోయిన నెలనే పద్దెనిమిది నిండినయి సార్" అన్నాను.