ఒక్కతూరి రాసిన సైన్యం పరీక్ష

డిగ్రీ చదివిన ఆడపిల్లలు కూడా చెన్నైలోని సైనికాధికారుల శిక్షణ అకాడమీకి పోటీ పరీక్ష రాయవచ్చని పేపర్లో పడింది. ఆ ముక్క కత్తిరించి పంచాంగంలో దాచుకున్నాను. నాలుగో రోజు పెద్దనాయన రాహుకాలం చూడటానికి పంచాంగం తీశాడు.

"ఏమ్మే, ఇది ఎవరిది?"

"నాదే పెద్దనాయనా."

"తుపాకీ పట్టుకోని ఎవుర్ని కాల్చాలని? మమ్మల్నేనా?"

కడపలో మాది ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు. ఆయన మాట అంగట్లోకి వినపడింది. బెల్లం కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వారు.

నా చిన్నప్పుడే నాయన పోయాడు. అప్పటినుంచి ఇంటి పెత్తనం నాయనకు అన్న అయిన ఈ పెద్దనాయనది. ఐదో తరగతితో ఆడపిల్లకు బడి చాలన్నదీ ఆయనే. నాయన తండ్రి, మా జేజినాయన, కొడుకుతో వాదించలేక నన్ను తన మంచం పక్కన కూర్చోబెట్టుకుని తనకు వచ్చిందంతా చెప్పాడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. డిగ్రీ దూరవిద్యలో, ఆదివారాలు తరగతులకు పోయి పూర్తి చేశాను. ఫలితాలు చూడకుండానే జేజినాయన వెళ్లిపోయాడు.

సైన్యమే ఎందుకని అందరూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు గానీ కారణం చిన్నదే. టీచరు ఉద్యోగం వస్తే పెద్దనాయన వద్దనగలడు. అకాడమీ నుంచి ఉత్తరం వస్తే ఫలానా తేదీకి రమ్మని ప్రభుత్వం పిలిచినట్టు. దానికి అడ్డం చెప్పడానికి ఆయన నోరు చాలదనుకున్నాను. నేను ఆ ఇంట్లోంచి బయటపడే దారి అదొక్కటే కనపడింది.

పెద్దనాయన ఎదుట ఎప్పుడూ నోరెత్తని అమ్మ ఆ రోజు తలుపు చాటునుంచి అంది: "ఒక్కతూరి రాయనీండి బావా. రాకపోతే అదే గమ్మునుంటాది."

ఆయన చాలాసేపు పంచాంగం తిప్పుతూ కూర్చున్నాడు. "సరే, ఒక్కతూరి. రెండోతూరి ఈ మాట వినపడితే తల్లీకూతుళ్లు ఇద్దరూ గడప దాటిపోవచ్చు."

అమ్మ ఆ మాత్రం మాట అనకపోతే నేను పరీక్ష ముఖమే చూసేదాన్ని కాదు. ఆ ధైర్యం ఆమెకు ఇచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మా సందు చివర ఒక మాజీ హవల్దారు ఉండేవాడు. ముస్లిం పెద్దాయన. మొగపిల్లలను సైన్యం పరీక్షలకు తయారుచేసేవాడు. అమ్మ నన్ను తీసుకుపోతే ఆయన ముఖం చిట్లించాడు.

"ఇంట్లో కూసోని చదివినదానివి. ఇంగ్లీషు వచ్చునా?"

"చదవడం వచ్చు తాతా."

"నోరు తెరవడం?"

నేను అమ్మ వైపు తిరిగాను.

"అద్దో సూడు," అన్నాడు అమ్మతో. "సైన్యంలో వడపప్పూ పానకం పెట్టరు బేటీ."

అయినా చేర్చుకున్నాడు. వెనక వరసలో పిల్లలు నేను లేచినప్పుడల్లా "మేడం, సెల్యూట్!" అని కాళ్లు నేలకేసి కొట్టేవాళ్లు. నా జవాబు తప్పయితే ఆయన నా పుస్తకం వాకిట్లోకి విసిరేవాడు. నేను పోయి దుమ్ము దులుపుకుని తెచ్చుకోవాలి. ఆ మూడు నెలల్లో ఆయన నోట ఒక్క మంచి మాట వినలేదు. కానీ నాకు తెలిసిన ప్రపంచంలో సగం ఆయన చెప్పిందే. చివరి రోజు అందరికీ ఒకటే చెప్పాడు: "ఆ జవాబుల కాగితాన్ని మిషను చదువుతాది. నెంబరు రాయండి, గుండ్రాలు నింపండి. ఇంకొక్క గీత పెట్టినా చెత్తకుండీకే."

పరీక్ష తిరుపతిలో. ఒంటరిగా పంపితే ఊరు తననే అంటుందని పెద్దనాయన కూడా బయల్దేరాడు. బస్సులోంచి ఒంటిమిట్ట రాముడి గుడి గోపురం కనపడగానే చేతులు జోడించాను.

"సామికి సైన్యం ఉండాది కదా, కోతులది. నిన్ను దాంట్లో చేర్చుకోమని మొక్కుకో," అన్నాడు. వెనక సీట్లవాళ్లు పగలబడి నవ్వారు. నేను మొక్కవలసింది మొక్కాను.

పరీక్ష హాల్లో ఆడపిల్లలం నలుగురమే. నా పక్క బల్ల మీద కర్నూలు పిల్ల కూర్చుంది. కోచింగుకని హైదరాబాదులో ఏడాది ఉండి వచ్చిందట.

"నువ్వు ఏ కాలేజీ?" అని అడిగింది.

"ఇంట్లోనే చదువుకున్నాను."

"ఇంట్లోనా? అట్లా కూడా అయితాదా? మా నాయనకు తెలీక కాలేజీలో చేర్పించినాడే!"

పొద్దున పేపరు ఇంగ్లీషు. జవాబుల కాగితం ఇచ్చారు. పెన్నుతో నెంబరు రాయమన్నారు. నేను పెన్ను మూత తీసి, కాగితం సర్దుకుని, పైన నడిమధ్యన 'శ్రీ' అని రాశాను.

రాశానని నాకు తెలియదు. చేతికి తెలుసు. జేజినాయన పైన శ్రీ లేని కాగితం చదివేవాడు కాదు. పలక అయినా, లెక్కల పుస్తకం అయినా, చిత్తుకాగితం అయినా సరే, ఒక్క మాట అనకుండా నా ముందుకు తోసేవాడు. పదేళ్లు అట్లా రాసిన చెయ్యి. పదో తరగతి పరీక్షలోనూ రాశాను, ఎవరూ ఏమీ అనలేదు. మా వైపు పిల్లల్లో సగంమంది ఏదో ఒక దేవుణ్ణి తలుచుకోకుండా జవాబు మొదలుపెట్టరు. ఆ అక్షరం ఆ కాగితం మీద చూసుకున్నాక హవల్దారు తాత మాట గుర్తొచ్చింది. అరచెయ్యి అడ్డం పెట్టాను.

"మేడం, ఈమె షీటు మీద ఏందో గుర్తు పెట్టింది," అంది కర్నూలు పిల్ల చెయ్యెత్తి.

పర్యవేక్షకురాలు వచ్చి నా చెయ్యి పక్కకు నెట్టింది. "ఏందిది?"

"శ్రీ, మేడం."

"శ్రీయా? ఇదేమన్నా శుభలేఖ అనుకున్నావా?"

హాలంతా నవ్వింది.

"వేరే షీటు ఇయ్యండి మేడం."

"లెక్క ప్రకారం ఇచ్చినారు. వేరేది లేదు." నా నెంబరు ఒక కాగితం మీద రాసుకుంది. "కూర్చొని రాయి. చెల్లుతుందో లేదో పైవాళ్లు చూసుకుంటారు."

రాశాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, ఆ పేపరు నాకు సులభంగా ఉంది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర ఆ పిల్ల చేతులు కడుక్కుంటోంది.

"నీకేం చెడుపు చేశానని చెప్పినావు?" అని అడిగాను.

"ఏం చెయ్యలేదు. పోటీకి వచ్చినాం కదక్కా. నువ్వు చూసింటే నువ్వు చెప్పవా?"

"చెప్పను."

"అట్లయితే నీకెందుకు సైన్యం?" అంది చేతులు విదిలించుకుంటూ. నీళ్లు నా ముఖం మీద పడ్డాయి.

గేటు దగ్గరికి పోయేసరికి సంగతి పెద్దనాయనకు చేరింది. ఆ పిల్ల తండ్రి పక్కనే నిలబడి చెప్పాడట. చాలా కాలానికి పెద్దనాయన ముఖంలో వెలుగు చూశాను.

"నువ్వు మొక్కిన దేవుడే కొట్టేసినాడు. పా, బస్సుకు పోదాం."

"ఇంకో పేపరు ఉంది."

"మొదటిదే చెల్లకపాయె. రెండోది ఎవురికి రాస్తాండావు?"

ఆయన మాట్లాడుతుండగానే వెనక్కి తిరిగి లోపలికి నడిచాను. జీవితంలో మొదటిసారి. జనరల్ నాలెడ్జి పేపరు ఖాళీ కడుపుతో, ఒక్క గీత కూడా పక్కకు పోకుండా రాశాను.

ఎంపికైనవాళ్ల పట్టికలో నా నెంబరు లేదు. కారణం ఆ అక్షరమో, మార్కులో ఎవరూ చెప్పలేదు. పెద్దనాయనకు మాత్రం సందేహం లేదు. అంగడికి వచ్చిన ప్రతివాళ్లతో, "మా పిల్లను సాక్షాత్తూ లచ్చిందేవే ఆపేసింది," అని నవ్వేవాడు. హవల్దారు తాత నన్ను సందులో నిలబెట్టి తిట్టాడు. తిట్టడం అయ్యాక, "వయసు ఇంగొక్కతూరికి ఉండాది. ఫారం కొనుక్కో," అన్నాడు.

ఆ ఫారం పెద్ద పోస్టాఫీసులోనే దొరికేది. గుడికి పోతున్నామని చెప్పి అమ్మా నేనూ పోయి తెచ్చుకున్నాం. నిజంగా గుడికి కూడా పోయాం, అబద్ధం కాకూడదని. దాన్ని కూడా మిషనే చదువుతుంది, మడత పెట్టకూడదని దాని మీదే అచ్చేసి ఉంది. పూర్తిచేసి, ఫోటో అంటించి, రెండు అట్టల మధ్య పెట్టి అమ్మ పెట్టెలో చీరల కింద దాచాం. గడువుకు రెండు రోజులు ఉందనగా, పోస్టు చెయ్యడానికి తలస్నానం చేసి పెట్టె తెరిచాను. అట్టలు ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

ఇల్లంతా వెతికి అంగట్లోకి వచ్చాను. ఎదురింటామె మెట్టు దిగుతోంది. ఆమె చేతిలో పొట్లం మీద చిన్న చిన్న గులాబీరంగు గళ్లు కనపడ్డాయి.

"అత్తా, ఆ పొట్లం ఒకసారి ఇయ్యి."

"ఏమే, తూకం తక్కువుండాదా?"

పెద్దనాయన తలెత్తలేదు. "కాగితం మందంగా ఉండాది. చినగదు," అన్నాడు, ఇంకో కాగితం చుడుతూ.

జీలకర్ర పళ్లెంలో పోసి ఫారం విప్పాను. నా ఫోటో మీదుగా నాలుగు మడతలు. మళ్లీ ఫారం తెచ్చి నింపడానికి పోస్టాఫీసుకు పరుగెత్తాను. అయిపోయాయన్నారు. తర్వాతి ప్రకటన వచ్చేనాటికి నా వయసు దాటింది.

ఆ ఇంట్లోనే ఇంకా కొన్నేళ్లు ఉన్నాను. ఆయనకు విస్తరి వేశాను, నీళ్లు పెట్టాను. మాట మాత్రం కలపలేదు. ఆయన పోయిన రోజు, ఇన్నేళ్లు అన్నం పెట్టినందుకు మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకున్నాను. ఫారం సంగతి ఆ దణ్ణంలో కలపలేదు. ఇప్పటికీ కలపడం లేదు.