సర్వర్‌లో చోటు లేదు, పెళ్లివారున్నారు

కదిరిలోని మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఈ ఉదయం వర్చువల్ మెషీన్ సర్వర్ పనిచేయుటకు నిరాకరించినదని తెలియజేయడమైనది. ఒక్క లినక్స్ యంత్రంలో పది కంప్యూటర్లున్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ అది. అది లేవకపోతే రేపటి ప్రాక్టికల్ పరీక్ష జరగదు.

దాన్ని ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను, పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించాను. ఆ తర్వాతే, సర్వర్ తన తప్పులు రాసిపెట్టుకునే లాగ్ చదవాలన్న బుద్ధి పుట్టింది. డిస్కులో చోటు లేదని అందులో స్పష్టంగా ఉంది. విచారణ జరపగా, ఆ చోటంతా మా కరస్పాండెంటు గారి కుమార్తె వివాహ వీడియో ఆక్రమించినట్టు తేలింది. కాలేజీలో అన్నిటికంటే పెద్ద డిస్కు అదే కనుక, భద్రత దృష్ట్యా ఆయనే అక్కడ పెట్టించారట. దాన్ని తరలించడానికి మరో డిస్కు లేదు.

ఫోన్ చేయగా ఆయన స్వయంగా విచ్చేశారు.

"ఏమప్పా, నా బిడ్డ పెండ్లి చెరిపేస్తావా?"

"అంతా వద్దు సార్. ఒక్క భాగం తీసినా చాలు, లేస్తాది."

ఆయన నా కుర్చీలో కూర్చుని భాగాలన్నీ తిప్పి చూశారు. భోజనాల దగ్గర ఆయన ముఖం వెలిగింది.

"ఈ రెండో బంతి తీసెయ్యప్పా. కూర్చునిండేది అంతా మా బామ్మర్ది మనుషులే. నా కూడు తిని, ఎలచ్చన్లలో అవతలి పార్టీకి పోయినారు."

తీసేశాను. సర్వర్ తక్షణమే లేచింది. పది యంత్రాలూ ఒకదాని వెనుక ఒకటి కళ్లు తెరిచాయి. కరస్పాండెంటు గారు పరమానందంతో నా భుజం తట్టారు.

"ఇంగా ఏమన్నా మొరాయిస్తే చెప్పు. ఊరేగింపులో గూడా ఉండారు వాళ్లు."

సాంకేతిక మిత్రులారా, మీ సర్వర్లు లేవనప్పుడు ఎవరి బంధువులను తొలగించారో దయచేసి తెలుపగలరు.