ఆపరేషన్ రోజు ఉప్మా

ఆసుపత్రిలో చేరేవాళ్లకు అక్కడ ఏమేం జరుగుతుందో ముందే తెలియాలని మాకొక పుస్తకం ఇచ్చారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, అంతా ఇంగ్లీషు. మా అత్తగారి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలిన రోజది. మాదాపూర్ వైపు గుట్టలన్నీ పేల్చి అద్దాల మేడలు కడుతున్న కాలం. చుట్టూ ఇన్ని రాళ్లు పగలగొడుతుంటే రెండు ఎగిరొచ్చి నా కడుపులో పడ్డయేమోనని ఆమే నవ్వింది.

గచ్చిబౌలి మా అత్తగారి ఊరు. అప్పటికది నిజంగా ఊరే. నేను మూసాపేటలో పుట్టి పెరిగి, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నదాన్ని. రెండువేల సంవత్సరం వచ్చిందంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ గంగలో కలుస్తాయని భయపెట్టి పిల్లల్ని చేర్చుకునే సెంటరది. యంత్రానికి తెలివి లేదు, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పాలని రోజూ గొంతు చించుకునేదాన్ని. అందుకని ఆ పుస్తకం చదివి ఇంటిల్లిపాదికీ చెప్పే బాధ్యత నాకే అప్పగించారు.

అందులో లేనిదంటూ లేదు. గదిలో టీవీ ఎలా పెట్టుకోవాలి, లిఫ్టు ఏ పక్కనుంది, దేవుడి గది ఏ అంతస్తులో ఉంది, పూలగుత్తి తెచ్చినవాళ్లు ఎక్కడ నిలబడాలి. అసలు ఆపరేషన్ సంగతి ఆఖరి పేజీలో, అడుగున, చీమలంత అక్షరాల్లో ఉంది. ముందురోజు రాత్రి పది దాటాక ఏమీ తినకూడదు, తాగకూడదు. అదీ చదివి చెప్పాను.

"ఉపవాసమన్నట్టు," అంది అత్త.

"ఔ అత్తమ్మా, ఉపవాసమే."

"గింతేనా? నలభై ఏండ్ల సంది శనివారాలుంటున్న. నాకు నేర్పుతరా ఉపవాసం?"

మా ఇంట్లో ఉపవాసమంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అన్నం ముట్టకూడదు, ఉల్లిగడ్డ ముట్టకూడదు. ఉప్మా తినొచ్చు, పాలు తాగొచ్చు, అరటిపండ్లు ఎన్నయినా సరే. శనివారం నాడు మా అత్త పళ్లెం చూస్తే మిగతా ఆరు రోజులూ ఆమెను పస్తులుంచుతున్నామా అని నాకు అనుమానం వచ్చేది. అయినా ఎవరడిగినా "ఇయ్యాల ఏం తినలే" అనేది. అది అబద్ధం కాదు. ఆమె నిజంగానే అలా అనుకునేది, ఇంట్లో అందరమూ అలాగే అనుకునేవాళ్లం.

ముందురోజే చేర్చుకున్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కుర్చీలు చాలక మంచం మీద కూడా కూర్చున్నారు. ధైర్యం చెప్పడానికే వచ్చామన్నారు. ఒకావిడ "మా చిన్నమామకు గూడ గిట్లనే కడుపుల ఆపరేషన్ చేసిండ్రు, పాపం" అని మొదలుపెట్టి, అంతటితో ఆపి, మేం తెచ్చిన అరటిపండే ఒలుచుకుంది. మా మామ పంతులుగారి దగ్గరికెళ్లి తొమ్మిది నలభైకి ముహూర్తం పెట్టించుకొచ్చాడు. పెద్ద డాక్టరు విదేశాల్లో చదివొచ్చినాయన, ఏమంటాడోనని నేను సిగ్గుతో చస్తుంటే, ఆయన మారుమాట్లాడకుండా ఫైల్లో తొమ్మిది నలభై అని రాసుకున్నాడు. మాదాపూర్ వైపు అప్పుడు పునాదిరాళ్లన్నీ ముహూర్తం చూసే పడుతున్నాయి మరి.

ఆపరేషన్ రోజు తెల్లవారుతూనే ఉప్మా చేశాను. రోగి కదా అని నెయ్యి తగ్గించాను, అదే నేను చూపించిన వైద్య పరిజ్ఞానం. టిఫిన్ డబ్బాతో, పాల ఫ్లాస్కుతో మామా నేనూ వెళ్తే అద్దాల తలుపు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. బయటి తిండి లోపలికి పోనిచ్చేది లేదన్నాడు.

"తిండి గాదయ్యా," అన్నాడు మామ. "ఆపరేషన్ ఉన్నది. ఆమె ఉపవాసముంటున్నది."

సెక్యూరిటీ మూత తీసి చూశాడు. ఉల్లిగడ్డ లేదు. "ఉపవాసమైతే పర్వలేదు, తీస్కపోండ్రి," అన్నాడు. పక్క ఊరివాడే. ఉపవాసమంటే అతనికి మాత్రం వేరేగా ఎవరు నేర్పారు?

అత్త ఆరున్నరకు తినడం మొదలుపెట్టింది. ఉప్పు జర తక్కువైందంటూనే రెండోసారి పెట్టించుకుంది. గ్లాసెడు పాలు తాగింది. నేను డబ్బా కడిగి సంచిలో పెట్టేశాను. దాచడానికి కాదు, అంట్లు అలా వదిలేయడం నాకు నచ్చదు.

తొమ్మిది దాటాక ఆకుపచ్చ గౌను వేసి, గాజులు తీయించి, చక్రాల మంచం మీద థియేటర్ తలుపు దాకా తీసుకెళ్లారు. మత్తు డాక్టరమ్మ ఫైలు పట్టుకుని ఎదురొచ్చింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అండి?"

"ఏం తినలే మేడం, ఉపవాసమున్నది," అన్నాడు మామ. నా భర్త తల ఊపాడు. అత్త కూడా ఊపింది.

"మంచిది. కడుపులో ఏమున్నా మత్తులో ఉండగా పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందండి. ప్రాణానికే ముప్పు. అందుకే ఒకటికి రెండుసార్లు అడుగుతాం."

బొంబాయి రవ్వ, జీడిపప్పు, రెండో వడ్డన, పాలు, అన్నీ కళ్లముందు వరసగా తిరిగాయి. చదువుకున్నదాన్ని, కాగితం చదివి చెప్పినదాన్ని, చేసి పెట్టినదాన్ని నేనే. నోరు తెరిస్తే ఈ వరండాలోనే నా బతుకు బజారున పడుతుంది. నోరు తెరవలేదు. మంచం లోపలికి వెళ్లిపోయింది, తలుపు మూసుకుంది, పైన ఎర్ర బల్బు వెలిగింది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మామ గడియారం చూసుకుంటూ "కరెక్ట్ ముహూర్తం" అన్నాడు. ఆ మాటతో నాలో ఏదో తెగింది. వెళ్లి రెండు చేతులతో ఆ తలుపు బాదాను. ముందు నర్సు తిట్టడానికొచ్చింది, వెనకాలే డాక్టరమ్మ వచ్చింది.

"ఉప్మా తిన్నది మేడం. పాలు గూడ తాగింది. ఆరున్నరకు."

ఆమె నన్నే చూస్తూ మూతిగుడ్డ కిందికి లాగింది. "సూది చేతిలో పట్టుకుని ఉన్నానమ్మా," అని మాత్రం అంది.

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. వరండాలో నా ఆపరేషన్ మాత్రం అప్పుడే, మత్తు లేకుండా జరిగింది. ముహూర్తం పాడుచేసిందన్నాడు మామ. "చేసేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే, ఏందే నీ తమాషా?" అన్నాడు నా భర్త. ఉప్మా లోపలికి పోనిచ్చిన సెక్యూరిటీని ఒక్కరూ ఏమీ అనలేదు.

మర్నాడు దుర్ముహూర్తంలో అత్తకు ఆపరేషన్ లక్షణంగా జరిగింది. రాళ్లు చిన్న సీసాలో వేసి ఇస్తే మామ వచ్చినవాళ్లందరికీ తానే తవ్వి తీసినట్టు చూపించాడు. ఆ తర్వాతి రోజు అందరూ క్యాంటీన్‌కు వెళ్లినప్పుడు అత్తకు చెంచాతో జావ తాగిస్తున్నాను. నాలుగు చెంచాలయ్యాక చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల గూడ అడిగింది బిడ్డా, ఆ డాక్టరమ్మ. ఛాయ్ అయినా తాగినవా, నిజం జెప్పు, పానం మీదికొస్తదన్నది. అప్పుడు సమజైంది నాకు, ఉప్మా గూడ లెక్కల్నే అని."

"మరి చెప్పలేదేంది అత్తమ్మా?"

"చెప్తే చేసిందెవ్వరని అడుగుతరు గద. అందరు గల్సి నీ మీద పడుతరు. ఏమైతదో కానీయని కండ్లు మూస్కున్న."

నాకు ఏడుపొచ్చింది. చెంచా గిన్నెలో పెట్టి కొంగుతో మొహం తుడుచుకున్నాను. నేను భయపడ్డదీ సరిగ్గా దానికే, తలుపుకు ఇవతల నోరు మూసుకున్నదీ అందుకే. ఆ సంగతి ఆమెకు ఇవాళ్టికీ చెప్పలేదు.