పులికి ఇల్లు వెతికిన రోజులు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే మరీ ఉండేది కాదు. తిరుపతిలో ఒక కళ్లద్దాల దుకాణంలో కొత్తగా చేరాను. వచ్చినవాళ్ల చేత గోడమీది అక్షరాలు చదివించడం నా పని. వాళ్లు తడబడితే "సరిగ్గా చూడండి" అని కసురుకునేదాన్ని. (సరిగ్గా కనిపించకనే కదా పాపం మా దగ్గరికి వచ్చింది! ఆ మాట మా ఓనరు చెప్పేదాకా నాకు తట్టలేదు.) అలాంటి నా చేతికి ఒక వానాకాలం మధ్యాహ్నం, దుకాణం వెనక తడిసిన అట్టపెట్టెల మధ్య వణుకుతూ ఒక కుక్కపిల్ల దొరికింది. ఐదారు నెలలుంటుంది, గోధుమరంగు ఆడపిల్ల. తువ్వాలులో చుట్టి, ఆటోలో నా అద్దె గదికి తెచ్చేశాను. పేరు పెడితే ధైర్యం దానంతటదే వస్తుందని పులి అని పిలిచాను.

పులి నా మంచం కింద దూరింది. ఇక అక్కడే కాపురం. కుక్కర్ కూతకు భయం, గొడుగుకు భయం, గాజుల చప్పుడుకు భయం, నా తుమ్ముకు భయం. ఒకసారి తన తోకే మంచం కోడుకు తగిలి టక్కుమంటే, ఎవరో వచ్చారనుకుని గోడకు అతుక్కుపోయింది. నేనేమో గంటకోసారి నేలమీద బోర్లా పడుకుని, "రావే, రావే" అని చెయ్యి చాపేదాన్ని. అది ఇంకో జానెడు వెనక్కి జరిగేది.

కింద ఉండే మా ఇంటి ఓనరక్క మంచిదే. కానీ ఆమె ఇబ్బంది ఆమెది. "మే, మా పాప కాన్పుకు వస్తాది. సంటిబిడ్డ ఉండే ఇంట్లో కుక్కుంటే మా వియ్యపురాలు నన్ను బతకనీదు. పది దినాల్లో ఎవురికన్నా ఇచ్చెయ్" అంది. పది రోజులు ఎందుకక్కా, మూడు చాలు అన్నాను. ఆ సాయంత్రమే పులికి ఫోటో తీసి, వాట్సాప్‌లో తెలిసినవాళ్లందరికీ పంపాను. 'చురుకైనది, ధైర్యం గలది, కాపలాకు శ్రేష్ఠం' అని కింద రాశాను. (భయంతో నేలకు కరుచుకున్న ఆ భంగిమ ఫోటోలో అచ్చం దూకబోతున్నట్టే ఉండింది. ఆ ఒక్కటీ నా తప్పు కాదు.)

మర్నాడే చిత్తూరు వైపు నుంచి ఒక మామిడితోట ఆసామి జీపులో వచ్చి తీసుకుపోయాడు. నేను చేతులు దులుపుకున్నాను. మూడోనాడు ఫోను.

"ఏమ్మా, ఇది నిజంగా కుక్కేనా? మా కోడిపెట్ట కొక్కొక్కో అంటే పోయి పంపు షెడ్డులో దూరింది. తోటకు ఇది కాపలా కాసేది అట్ల పెట్టు, దీనికి మేము కాస్తా ఉండాము. ఒక్క మెతుకన్నా తినలేదు తల్లీ. నాకు పాపం సుట్టుకుంటాదేమోనని భయంగా ఉండాది."

సాయంత్రానికి తెచ్చి దింపేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పులి మంచం కిందికి పోయి, గోడవైపు మొహం పెట్టుకుంది. పాలు పెట్టినా, గుడ్డు పెట్టినా చూడలేదు. అంతకుముందు కనీసం నేను గదిలో లేనప్పుడైనా తినేది. ఇప్పుడు అదీ లేదు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. నేను రాసిన మూడు అబద్ధాలకు అది పస్తులుంటోందని అర్థమై, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాత ఫోను తీసి మళ్లీ రాశాను: 'చాలా పిరికిది. మొరగదు. పిలిస్తే రాదు. ఎప్పుడు వస్తుందో నాకూ తెలియదు. ఓపిక ఉంటేనే అడగండి.'

నాలుగు రోజులు ఎవరూ అడగలేదు. ఐదోనాడు మా వెనక వీధి రైట్‌రైట్ మామ వచ్చాడు. కొండ మీదికి పోయే బస్సుల్లో కండక్టరుగా జీవితమంతా అరిచి అరిచి, రిటైరయ్యాక మాట్లాడటమే మానేసిన మనిషి. వెంట అత్త కూడా వచ్చింది. "ఈయనొకడు గమ్మునుండేది సాలదని, ఇంకొకటి కావాలంటాండాడు సూడు పాపా!" అని నవ్వింది. మామ మంచం కిందికి వంగి చూడలేదు. పిలవనూ లేదు. దానికి వీపు తిప్పి నేలమీద కూర్చుని, జేబులోని పేపరు తీసి చదువుకున్నాడు. ముప్పావు గంట తర్వాత లేచి, "తీసుకుపోతా" అన్నాడు.

వాళ్ల వరండాలో కూడా అదే పద్ధతి. మామ వీపు తిప్పి కూర్చుంటాడు, వెనక పెరుగన్నం గిన్నె ఉంటుంది. రోజూ గిన్నె బెత్తెడు తనవైపు జరుపుతాడు, అంతే. నేను మాత్రం సాయంత్రం దుకాణం కట్టేయగానే పరిగెత్తేదాన్ని. "వచ్చిందా మామా? తాకనిచ్చిందా?"

"బస్సు ఆపి పెట్టినాను పాపా. ఎక్కేటప్పుడు ఎక్కతాది. రెక్కబట్టి లాగితే దిగి పారిపోతాది" అని, పేపరు మడిచి మెల్లగా అన్నాడు, "నువ్వు కొన్నాళ్లు రావద్దులే. నువ్వొచ్చినప్పుడల్లా అది బీరువా సందులోకి పోతాండాది."

దాన్ని కాపాడింది నేనైతే, నన్నే రావద్దంటారా! ఇంటికొచ్చి ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. అయినా వాళ్లింటికి పోలేదు.

మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున అత్త ఫోను చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది. "పాపా, మీ మామకు కాలు తిమ్మిరెక్కిందంట. కాఫీ ఇస్తే అందుకోడు, కదలంటే కదలడు. నీ పులి ఆయన పాదం మీద తలబెట్టి నిద్రపోయినాది!"

చెప్పులు సరిగా వేసుకోకుండానే పరిగెత్తాను. గేటు మీద చెయ్యి వేశాను గానీ, తెరిస్తే కిర్రుమంటుందని ఆగిపోయాను. వరండాలో మామ శిలలా కూర్చుని ఉన్నాడు. పక్కన కాఫీ మీద మీగడ కట్టింది. పులి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. కడుపు గుండ్రంగా ఉంది. మామ నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. అంతకుమించి కదిలే ధైర్యం ఆయనకూ లేదు. అరగంట అలాగే నిలబడ్డాను. మధ్యలో పులి ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. తోక ఊపుతుందేమోనని ఆశపడ్డాను. ఊపలేదు, కన్ను మూసుకుంది. ఈసారి మాత్రం లేచి పారిపోలేదు.

ఇప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ నన్ను నిదానం గల మనిషి అంటారు. అన్నప్పుడల్లా తలూపి ఊరుకుంటాను. గేటు బయట ఎండలో నిలబడి, లోపలికి దూకాలని కాళ్లు పీకుతున్నా పళ్లు బిగబట్టిన ఆ పిల్ల సంగతి వాళ్లకేం తెలుసు!