గోలెం దగ్గరికొచ్చిన తెల్ల గుర్రం

2023 ఎండాకాలం, లాల్‌దర్వాజా. ఇళ్లకు సీసీ కెమెరాలు బిగించడం నా పని. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే రమేశ్ ఒకరోజు ఇంటికి పిలిచాడు. దొంగల భయం కాదు, వాళ్లమ్మ సంగతి.

సత్తెమ్మగారు వేసవిలో ఇంటి వెనక చిన్న పెరట్లో నులకమంచం వేసుకుని పడుకుంటారు. అప్పుడప్పుడు రాత్రిపూట ఒక తెల్ల గుర్రం వచ్చి గోలెంలో, అంటే పెద్ద సిమెంటు తొట్టిలో, నీళ్లు తాగి పోతోందని చెబుతున్నారు. అక్కడ పరిచిన షాబాద్ రాతిబండల మీద గిట్టల జాడ పడదు. ఇంట్లో ఇంకెవరూ దాన్ని చూడలేదు.

"మా గల్లీల ఆటోనే వట్టదు, గుర్రమెట్లొస్తదన్నా? దవాఖాన్ల సూపియ్యాలె. అప్పటిదాంక లోపల పండవెట్టి తాళమేస్త," అన్నాడు రమేశ్. అది కోపం కాదు, భయం.

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు మతి తప్పిందంటున్రు బిడ్డా. నువ్వన్న సూడు."

చీకట్లో చూసే కెమెరాలు స్థూలంగా మూడు రకాలు. కలర్ నైట్ విజన్‌కు తెల్ల లైటు వెలుగుతుంది, రంగులు కనిపిస్తాయి. మిగతా రెండూ ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి అందని వెలుగు. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. వాటిలో 850 నానోమీటర్ల రకం దూరం చూస్తుంది కానీ దాని బల్బులు సన్నగా ఎర్రగా కనబడతాయి. 940 రకం ఆ ఎరుపు కూడా కనబడనివ్వదు, చూపు మాత్రం దగ్గరికే. ఈ పెరటికి అది చాలన్నాను. రమేశ్ వింటేగా! "కలర్‌దే వెట్టన్నా, మస్తు సాఫ్ కనవడాలె," అన్నాడు. పెట్టాను.

వారం పాటు పెరడు పట్టపగల్లా వెలిగింది. గుర్రం రాలేదు. "జూసినవా అన్నా, గిట్లుంది అమ్మ కథ," అని ఫోన్ చేశాడు. వెళ్లేసరికి సత్తెమ్మగారు కెమెరాను గుర్రుగా చూస్తూ కూర్చున్నారు.

"గంత లైటేస్తె ఏ జీవమొస్తది బిడ్డా? నాకే నిద్ర వడ్తలేదు."

నిజమే కదా అనిపించింది. కొన్నాళ్లు ఆగమని రమేశ్‌ను బతిమాలి, లైటు పీకేసి 940 బిగించాను.

తర్వాత ఒక పొద్దున ముగ్గురం ఫోన్ మీదికి వంగి చూశాం. ఇన్‌ఫ్రారెడ్‌లో ఆకులు తెల్లబడతాయి. మల్లెపొద నిండా పూసినట్టుంది. మంచం మీద ఆమె నిద్రలో ఉన్నారు. గల్లీ వైపున్న వెనక దర్వాజ మెల్లగా తెరుచుకుంది. నుదుటి మీద పెళ్లి పూసలతో తెల్లటి ఆడగుర్రం, తన ఇంటికే వచ్చినట్టు నింపాదిగా లోపలికి నడిచింది. నీళ్లు తాగి తలెత్తితే కళ్లు రెండూ దీపాల్లా మెరిశాయి. పోతూ పోతూ మంచం దగ్గర ఆగి ఆమె జుట్టు వాసన చూసింది.

వెనక గల్లీలో బరాత్ ఊరేగింపుల గుర్రాలు పెంచే ఆయనదట. పెళ్లి నుంచి అలసి వచ్చి ఆయన నిద్రపోతే, అది తాడు వదిలించుకుని వస్తోంది. దర్వాజ గడియ ఎప్పుడో వదులైంది.

రమేశ్ కళ్లు తుడుచుకున్నాడు. "తప్పయిందమ్మా."

"కెమెరా చెప్తె నమ్మినవ్. నేను చెప్తె దవాఖానంటివి," అన్నారామె. నవ్వుతూనే అన్నారు, కానీ నాకే గుచ్చుకుంది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా గోడలు కొలిచే ముందు, ఏం చూశారని చూసినవాళ్లనే అడుగుతాను. ఏ కెమెరా కావాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఆ రోజు వచ్చేస్తూ, గడియ బాగుచేసే మనిషిని పంపనా అని రమేశ్‌ను అడిగాను. బిందెతో గోలెం నింపుతున్నాడు.

"గుర్రమాయనకు చెప్పిన. పెండ్లిల్ల దినాలు పోనియ్ అన్నా," అన్నాడు.